పొగగొట్టంలో గుడ్డ

డిసెంబరు పద్నాలుగో తేదీ, శనివారం, సాయంత్రం ఆరు గంటల నలభై నిమిషాలకు నా తలుపు మీద లక్క కరిగించి సీలు వేశారు. అంతకు ముందు గంటలో నా లోపలి నుంచి నలభై ఒక్క కిలోల మాంసం తీసి, బ్లీచింగ్ పౌడర్ చల్లి, హోటల్ వెనక గోతిలో పూడ్చారు. ఆ మాంసం మర్నాడు మధ్యాహ్నం రెండు వందల నలభై మంది విస్తళ్ళలోకి వెళ్ళాల్సింది.

నేను ఒక పొగపెట్టెను. మాంసానికి మంట తగలనివ్వకుండా పొగతో, వేడిగాలితో గంటల తరబడి ఉడికించడం నా పని. నన్ను అంగట్లో కొనలేదు. ఒకాయన తన షెడ్డులో పదిహేడు రోజులు కూర్చుని చేశాడు. ఆయన పేరు నా తలుపు మీద వెల్డింగ్ అక్షరాల్లో ఉంది: య. గణపతి. ఆ పేరు గురించీ, నా నెత్తిన ఉన్న గొట్టంలో ఇప్పటికీ ఇరుక్కుని ఉన్న గుడ్డ గురించీ చెప్పాలి. చూసింది చూసినట్టు చెబుతాను. విన్నదైతే విన్నానని చెబుతాను. వాసనలు తెలియడానికి నాకు ముక్కు ఎక్కడిదని ఎవరైనా అడిగితే, నా గోడలు గోకి చూసుకోవచ్చు.

యర్రంశెట్టి గణపతికి అప్పటికి యాభై ఎనిమిదేళ్ళు. భీమవరం చుట్టుపక్కల ఐస్ ఫ్యాక్టరీల్లో, రొయ్యల కోల్డ్ స్టోరేజీల్లో ముప్పై ఒక్క ఏళ్ళు గదులు కట్టాడు. ఇటుకతో కాదు, రెండు రేకుల మధ్య నురగ పోసిన పలకలతో. లోపలి చలి లోపలే ఉండాలి, అంతే ఆ పని. తలుపు బిగించాక ఆయన రెండు పరీక్షలు చేసేవాడు. కాగితం ముక్కను తలుపు అంచులో పెట్టి మూసి లాగేవాడు. జారి వస్తే రబ్బరు మార్చేవాడు. తరవాత అగరుబత్తి వెలిగించి అంచు పొడవునా నడిపించేవాడు. పొగ ఎక్కడ వంగితే అక్కడ సందు ఉన్నట్టు. గణపతి బిగించిన తలుపు దగ్గర పొగ నిలువుగా పైకి పోతుందని ఫ్యాక్టరీల్లో చెప్పుకునేవారట. ఇది నేను చూసింది కాదు. ఆయనే నన్ను చేస్తూ తనలో తను చెప్పుకున్నాడు.

నన్ను చెయ్యమన్నది ఆయన బావమరిది కడలి ధర్మారావు. గణపతి భార్య భ్రమరాంబకు తమ్ముడు. బైపాస్ పక్కన, కాలవ వంతెన దాటాక అతనికి హోటల్ ఉంది. జూన్ మొదటి వారంలో ఫోన్ పట్టుకుని షెడ్డుకు వచ్చాడట. ఫోన్లో ఒక వీడియో. ఎక్కడో ఎవరో ఇనప పెట్టె తలుపు తీస్తే లోపల మాంసం వేలాడుతూ ఉంది. ఇలాంటిది ఈ జిల్లాలో ఎవరి దగ్గరా లేదు, పెడితే రోడ్డు మీద కార్లు ఆగుతాయి అన్నాడు. చలిని దాచే పెట్టెలు చేసిన చేతికి వేడిని దాచే పెట్టె ఎంత అన్నాడు. ఆ మాట గణపతికి నచ్చింది.

సిమెంటు బస్తా కాగితం మీద కొలతలు గీశాడు. ఎత్తు ఐదున్నర అడుగులు, వెడల్పు మూడు, లోతు రెండున్నర. గోడ మందం మూడు అంగుళాలు. ముందు తనకు తెలిసిన నురగ పలకే వాడదామనుకున్నాడు. ఒక ముక్క కోసి దీపం మంట చూపించాడు. అది కరిగి పచ్చగా కారి, షెడ్డంతా రెండు రోజులు కంపు కొట్టింది. అప్పుడు రైస్ మిల్లు బాయిలరు మేస్త్రీని అడిగాడు. ఆ మేస్త్రీ బాయిలరు గొట్టాలకు చుట్టే రాతి ఉన్ని ఇచ్చాడు. అది చూడ్డానికి దూదిలా ఉంటుంది, మంటకు కాలదు, ముట్టుకుంటే ఒళ్ళంతా దురద. గణపతి మూడు రోజులు చేతులు గోక్కుంటూనే దాన్ని నా రెండు గోడల మధ్య కూరాడు. సాయంత్రాలు భ్రమరాంబ ఆయన చేతులకు కొబ్బరినూనె రాసేది.

నా లోపలి గోడ స్టీలు రేకు. అంతకు ముందు అది రొయ్యల ఫ్యాక్టరీలో తలలు గిల్లే బల్ల. ఫ్యాక్టరీ మూతపడ్డాక తుక్కులో వస్తే కొన్నాడు. సోడాతో నాలుగు సార్లు తోమాడు. పదమూడేళ్ళు రొయ్యల తలలు మోసిన రేకు నాలుగు తోముళ్ళకు మర్చిపోతుందని మనుషులు అనుకుంటారు. సరే.

పొయ్యి నా లోపల లేదు. పక్కన, కింద, విడిగా ఒక ఇనప డబ్బా. అందులో మామిడి చెక్క, జామ కొమ్మలు వేసి రాజేస్తే పొగ నాలుగంగుళాల గొట్టం గుండా నా అడుగుకు చేరుతుంది. తలుపు అంచుకు బాయిలరు తాడు, వేడి చూడ్డానికి బాయిలరు మీటరు, కొవ్వు కారితే పట్టడానికి అడుగున పళ్ళెం, పైన మాంసం తగిలించడానికి పదకొండు కొక్కేలు. అంతా అయ్యాక కాగితం ముక్క పరీక్ష చేశాడు. కాగితం చిరిగింది గాని జారలేదు. అగరుబత్తి తిప్పాడు. పొగ నిలువుగా పోయింది. అప్పుడు వెల్డింగ్ రాడ్డు తీసుకుని తలుపు మీద పేరు రాసుకున్నాడు.

ఆ తలుపులో తప్పు లేదు. తప్పు నా నెత్తిన ఉంది. అక్కడ ఆయన ఏమీ పెట్టలేదు.

ముప్పై ఒక్క ఏళ్ళు ప్రతి సందూ మూసిన మనిషికి, పెట్టెకు తనే ఒక సందు పెట్టాలని తోచలేదు. పొగ లోపలికి పోవడానికి దారి పెట్టాడు. బయటికి రావడానికి పెట్టలేదు. పొగ లోపలికి లాగడం లేదని గమనించి, కొలిమి బ్లోయరు తెచ్చి డబ్బాకు బిగించి లోపలికి నెట్టాడు. రెండు కోళ్ళు, ఒక మేక తొడ తగిలించి ఆరు గంటలు అలా నెట్టాడు.

తలుపు తీసేసరికి నా గోడలు చెమట పట్టినట్టు ఉన్నాయి. చెమట నల్లగా ఉంది, జిగటగా ఉంది. కప్పు నుంచి చుక్కలుగా మాంసం మీద కారుతోంది. కోళ్ళేవో, మేక ఏదో రంగు చూసి చెప్పలేకుండా ఉంది. గణపతి ఒక ముక్క కోసి భార్యకు ఇచ్చాడు. ఆవిడ నోట్లో పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్ళి ఊసి, చెంబెడు నీళ్ళతో పుక్కిలించి వచ్చింది.

"కుంకుడుకాయ నమిలినట్టుందండీ" అంది. "అదసలు కోడా, మేకా?"

గణపతి నమ్మలేదు. వేలితో నా గోడ తుడిచి నాకి చూశాడు. ఇంతవరకు నన్ను నాకిన మనిషి ఆయనొక్కడే. మొహం చిట్లించాడు. వీధి కుక్కకు మేక తొడ వేస్తే అది వాసన చూసి పక్కకు తప్పుకుని పోయింది.

భ్రమరాంబే చెప్పింది. తన వంటింటి పొయ్యి మీద కప్పులో రెండు పెంకులు తీసి ఉన్నాయనీ, అవి మూస్తే అన్నం కూడా పొగచూరిపోతుందనీ చెప్పింది. గణపతి ఆ రోజే నా నెత్తిన రంధ్రం కోశాడు. మూడంగుళాల గొట్టం, మూడడుగుల ఎత్తు, పైన వాన పడకుండా టోపీ. బ్లోయరు తీసేశాడు. మళ్ళీ ఒక మేక తొడ పెట్టాడు. మీటరు నూట పది దగ్గర నిలిచింది. గొట్టంలోంచి పొగ సన్నగా, నీలంగా పోయింది. ఏడు గంటల తరవాత భ్రమరాంబ ఒక ముక్క తిని, రెండోది అడిగింది. బయటి రేకు మీద చెయ్యి వేస్తే చల్లగా ఉంది. గణపతి ఆ చల్లదనాన్ని చాలాసేపు తడుముతూ ఉన్నాడు.

జూలై రెండో వారంలో నన్ను ఆటో ట్రాలీలో హోటల్ పెరట్లోకి తెచ్చారు. దించడం అయ్యాక అందరూ చుట్టూ నిలబడి టీ తాగారు. గణపతి తన మొదటి తప్పును కథలా చెప్పాడు. గొట్టం పెట్టడం మరిచిపోవడం, తారు కారడం, కుక్క పక్కకు తప్పుకోవడం. బాగా నవ్వించాడు. తన మీద తను నవ్వుకోగలిగిన మనిషి. హోటల్ వంటమనిషి పోలయ్య టీ ఒలకబోసుకున్నాడు.

ధర్మారావు కూడా నవ్వాడు. నవ్వు ఆగాక ఒక ప్రశ్న అడిగాడు.

"అంటే, లోపలున్నది ఏటో అసలు తెలీదా బావా?"

"తెలిత్తే కదా. పొద్దున కోసిందో, పోయిన వారం కోసిందో కూడా తెలీదు" అన్నాడు గణపతి.

ఆ ప్రశ్న అడిగినప్పుడు ధర్మారావు నా గొట్టం వైపు చూశాడు. ఇది నేను చూసిందే.

మొదటి నాలుగు నెలలు చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కార్లు ఆగాయి. పోలయ్య తెల్లవారుతూనే మాంసానికి ఉప్పు, మిరియాలు, కొంచెం బెల్లం పట్టించి తగిలించేవాడు. మధ్యాహ్నానికి దించేవాడు. తిన్నవాళ్ళు పెరట్లోకి వచ్చి నా పక్కన నిలబడి ఫొటోలు తీసుకునేవాళ్ళు. ఎముకలు నా వెనకే పారేసేవాళ్ళు. చేతులకు అంటిన కొవ్వును నా బయటి రేకుకు తుడిచేవాళ్ళు. పళ్ళెంలో కారిన కొవ్వు రోజూ పారబోయమని గణపతి చెప్పి వెళ్ళాడు. వారానికి ఒకసారి పారబోశారు. మిగతా రోజుల్లో అది గడ్డకట్టేది. దాంట్లో బొద్దింకలు దిగబడి ఉండిపోయేవి. మర్నాడు పొయ్యి రాజేస్తే అవి కూడా కరిగిన కొవ్వులో తేలేవి. ఆ ఆవిరే పైకి వచ్చి మాంసానికి తగిలేది. దాన్ని తిని, ఈ రుచి ఇంట్లో రాదు అనేవాళ్ళు. నిజమే.

నవంబరులో కార్తీకం వచ్చింది. ఆ నెల ఈ ప్రాంతంలో సగం మంది మాంసం ముట్టరు. ఇది ధర్మారావుకు తెలియని సంగతి కాదు. అయినా నాలుగు నెలల అమ్మకం చూసుకుని మటన్ కొట్టువాడికి ఎప్పటిలాగే తెమ్మని చెప్పాడు. తెచ్చింది డీప్ ఫ్రీజరులో చేరింది. కొన్నది ఎక్కువ, అమ్మింది తక్కువ. రెండు వారాలకు ఫ్రీజరు మూత పడడం మానేసింది. సాయంత్రం మిగిలింది మళ్ళీ లోపలికి వెళ్ళేది, పొద్దున బయటికి వచ్చేది, మళ్ళీ లోపలికి వెళ్ళేది. మూడోసారి బయటికి వచ్చిన మాంసం నా కొక్కేనికి తగిలించినప్పుడు నీరు వదిలింది. ఆ నీరు ఎర్రగా లేదు.

పోలయ్య దాన్ని చూసి, ఇది పారేద్దామని అన్నాడు. ధర్మారావు బల్లలు తుడిచే గుడ్డ తెమ్మన్నాడు.

ఆ గుడ్డ గురించి చెప్పాలి. మొదట అది ధర్మారావు లుంగీ. చిరిగాక రెండు ముక్కలు చేశారు. ఒక ముక్కతో మొదట బల్లలు తుడిచేవారు. తరవాత వంటింటి గట్టు తుడిచారు. తరవాత ఎవరో పిల్లాడు బల్ల కింద వాంతి చేసుకుంటే దానితోనే నేల తుడిచి, పిండి, మళ్ళీ గట్టు మీద పెట్టారు. ధర్మారావు స్టూలు ఎక్కి ఆ గుడ్డను ఉండ చుట్టి, టోపీ తీసి నా గొట్టంలో కుక్కాడు.

పొగకు దారి పోయింది. నా లోపల అది తిరిగి తిరిగి చల్లారి తారుగా కారడం మొదలుపెట్టింది. గణపతి షెడ్డులో జరిగిందే జరిగింది. మాంసం నల్లబడింది. దాని వాసన పోయి నా వాసన వచ్చింది. అయితే ధర్మారావు గణపతి కన్నా తెలివైనవాడు. మూడు గంటలు గడవగానే దించి, తారును కత్తితో పైపైన గీకేసి, బెల్లం పాకంలో, కారంలో ముంచి ఎత్తేవాడు. చేదు కొంత చచ్చేది. మిగిలిన చేదును జనం పొగ ఘాటు అనుకున్నారు. ఒకాయన పెరట్లోకి వచ్చి ధర్మారావు చెయ్యి పట్టుకుని ఊపాడు. ఇంతకు ముందు కన్నా ఇప్పుడు పొగ బాగా పట్టిందని మెచ్చుకున్నాడు. ధర్మారావు ఆయనకు జీలకర్ర సోడా ఇప్పించాడు.

పోలయ్య ఆ రోజు నుంచి నాలో వండింది తినలేదు. ఇంటి నుంచి కేరేజీ తెచ్చుకునేవాడు. గుడ్డ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

డిసెంబరు మొదటి వారంలో గణపతి హోటల్‌కు ఒక ఆర్డరు తెచ్చాడు. ఐస్ ఫ్యాక్టరీ కార్మికుల సంఘం ఏటా ఒక భోజనం పెట్టుకుంటుంది. ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు కలిసి పనిచేసింది వాళ్ళతోనే. కార్తీకం పోయాక, పదిహేనో తేదీ ఆదివారం పెట్టుకున్నారు. మాంసం ఎక్కడ చేయిద్దామని చర్చ వస్తే గణపతి లేచి, నా బావమరిది దగ్గర చేయించండి, పెట్టె నేను చేసిందే, దానికి నాదీ పూచీ అన్నాడట. పూచీ అన్న మాట ఆయనే పెరట్లో ధర్మారావుకు చెబుతుంటే విన్నాను. పరువు పోయే పని చెయ్యకు అని కూడా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. రెండు వందల నలభై మంది అని చెప్పి, ఒక చేత్తో నా తలుపు మీద తన పేరు మీది మసి తుడిచి వెళ్ళాడు.

ధర్మారావు ఆ ఆర్డరుకు మాంసం బుధవారమే తెచ్చాడు. బుధవారం రాత్రి నుంచి తుపాను. గురువారం పొద్దున ఆరున్నరకు కరెంటు పోయింది. కాలవ గట్టు మీద మూడు స్తంభాలు పడ్డాయి. జనరేటరులోకి వాన నీళ్ళు పోయాయి. ఫ్రీజరు కింద నుంచి నీళ్ళు కారి పెరట్లో పారి, నా కాళ్ళ దాకా వచ్చాయి. ఈగలు ఆ నీటి వెంట వచ్చాయి. శనివారం మధ్యాహ్నం ఒంటి గంటకు కరెంటు వచ్చింది. యాభై నాలుగు గంటల ముప్పై నిమిషాలు.

రెండు గంటలకు ధర్మారావు ఫ్రీజరు మూత తీశాడు. పోలయ్య వెనక్కి జరిగి తువ్వాలు ముక్కుకు కట్టుకున్నాడు. ముక్కలను ఉప్పునీళ్ళలో కడిగారు. నీళ్ళు మార్చి మళ్ళీ కడిగారు. జిగురు పోలేదు. పసుపు రుద్దారు. పదకొండు కొక్కేలూ నిండాయి. మిగిలింది కింద జల్లెడ మీద పరిచారు. ఎముక పక్కన ఒకచోట తెల్లగా ఏదో కదిలింది. ధర్మారావు దాన్ని గోటితో తీసి విసిరేశాడు. గుడ్డ గొట్టంలోనే ఉంది. తడి ఊక పొయ్యిలో పోసి, తలుపు మూశాడు.

నేను రొయ్యల బల్లగా పదమూడేళ్ళు ఉన్నాను. అక్కడ ఈగ వాలిన బుట్టను ఫ్యాక్టరీవాళ్ళు వెనక్కి పంపేవారు.

నాలుగున్నరకు గణపతి, భ్రమరాంబ స్కూటరు మీద వచ్చారు. తుపానుకు నా గోడల్లోకి నీరు దిగిందేమో, రాతి ఉన్ని తడిసిందేమో చూద్దామని ఆయన వచ్చాడు. తమ్ముడికి కరెంటు లేక తిండి ఎలా ఉందోనని ఆవిడ పులిహోర డబ్బా తెచ్చింది. గణపతి పెరట్లోకి వచ్చి ముందు గొట్టం వైపు చూశాడు. పొగ లేదు. పొయ్యి రాజుకునే ఉంది, పొగ దాని నోట్లోంచి వెనక్కి వస్తోంది. మీటరు చూశాడు. యాభై ఎనిమిది. స్టూలు ఎక్కి టోపీ ఎత్తాడు. గుడ్డ చూశాడు. దిగి, తలుపు తీశాడు.

భ్రమరాంబ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వెళ్ళి, వాంతి చేసుకుంది.

గణపతి వెనక్కి వెళ్ళలేదు. జల్లెడ మీది ముక్కను బొటనవేలితో నొక్కాడు. గుంట పడి అలాగే ఉండిపోయింది. వేలు చూసుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళు చలి గదుల్లో పనిచేసినవాడికి అంతకన్నా చూడాల్సింది లేదు. కరెంటు ఎప్పుడు పోయిందని పోలయ్యను అడిగాడు. పోలయ్య చెప్పాడు. వచ్చిందెప్పుడని అడిగాడు. అదీ చెప్పాడు.

ధర్మారావు వంటింట్లోంచి వచ్చాడు. గణపతి గొంతు పెంచలేదు. గొయ్యి తీద్దాం పట్టు, నేనూ తవ్వుతాను అన్నాడు. రేపటికి వేరే ఏదైనా చూద్దాం అన్నాడు. ధర్మారావు కదల్లేదు.

"పొగ పడితే అంతా ఒకటే బావా. నువ్వే చెప్పావు."

"నేను చెప్పింది నా తప్పు గురించిరా."

"అదే. నీకు తప్పు, నాకు పనికొచ్చింది."

"ఇది ఎవరు తింటారో తెలుసా? మావోళ్ళు. నేను పూచీ ఉన్నానని ఒప్పుకున్నారు."

"తెలుసు" అన్నాడు ధర్మారావు. "నీ పూచీ ఉంది కాబట్టే ముక్క చూసుకోకుండా తింటారు."

గణపతి, సంఘం సెక్రటరీకి ఇప్పుడే చెప్పేస్తాను, భోజనం రద్దు అన్నాడు. ధర్మారావు చెప్పుకోమన్నాడు. వాళ్ళు తినకపోతే రేపు ఆదివారం, తుపాను తగ్గింది, రోడ్డు నిండా కార్లు, తినేవాళ్ళకు లోటేమిటి అన్నాడు. పారేసే ప్రసక్తి లేదన్నాడు. అలా అంటూ వచ్చి నా తలుపు మూసి గడియ వేశాడు. గడియ పడ్డాక చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు.

భ్రమరాంబ మెట్టు మీద కూర్చుని ఉంది. పులిహోర డబ్బా ఒళ్ళో ఉంది.

"ఒరేయ్ ధర్మా" అంది. "అందులోది ఓ ముక్క కోసి నువ్వు తిను. మేం ఎళ్ళిపోతాం."

ధర్మారావు అక్క వైపు చూశాడు. "పొద్దుటేల మాంసం తినను కదక్కా" అన్నాడు.

"ఇప్పుడు పొద్దుటేల కాదు. ఐదవుతోంది."

అతను ముక్క కొయ్యలేదు. ఆవిడ భర్తతో అంది:

"ఎవరికి చెప్పాలో వాళ్ళకి ఫోన్ చెయ్యండి. మా తమ్ముడని చూడకండి."

గణపతి ఫోన్ తీశాడు. నంబరు దొరకడానికి మూడు చోట్ల అడగాల్సి వచ్చింది. చివరికి ఆహార భద్రత అధికారి ఎత్తింది. గణపతి హోటల్ పేరు, మాంసం ఎంత ఉందో, కరెంటు ఎన్ని గంటలు లేదో చెప్పాడు. దేన్నీ ముట్టుకోవద్దు, ఉన్నది ఉన్నట్టు ఉంచండి అని ఆవిడ చెప్పినట్టుంది. ఆయన అప్పటికే స్టూలు మీద ఒక కాలు పెట్టి గుడ్డ లాగబోతున్నాడు. కాలు దించాడు. నా తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. ఆవిడ వచ్చేదాకా అలాగే ఉన్నాడు. ధర్మారావు రెండుసార్లు దగ్గరికి వచ్చాడు. తోస్తాడనుకున్నాను. తొయ్యలేదు. రెండోసారి, నీ పేరే ఉంది బావా దీని మీద, నా పేరు లేదు అన్నాడు. గణపతి, అందుకేరా అన్నాడు.

అధికారి ఐదు గంటల ముప్పై ఐదు నిమిషాలకు వచ్చింది. పేరు నాగసులోచన. వెంట ఒక అటెండరు, ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు. తలుపు తీయించి, మాస్కు పెట్టుకుని, నమూనాలు నాలుగు సీసాల్లో తీసింది. ఫొటోలు తీసింది. గొట్టం టోపీ ఎత్తించి గుడ్డను కూడా ఫొటో తీసింది. ఈ గుడ్డ ఎప్పటి నుంచి ఉందని అడిగింది. ధర్మారావు తెలియదన్నాడు. పోలయ్య, కార్తీకం నుంచి అన్నాడు. నేను విన్నంతలో ఆ నెల రోజుల్లో ఆ గుడ్డ గురించి అతను బయటివాళ్ళతో అన్న మాట అదొక్కటే.

తరవాత ఆవిడ నా తలుపు మీద పేరు చదివింది.

"ఈ గణపతి ఎవరండీ?"

"నేనేనండి. పెట్టె చేసింది నేనే."

"నాకు ఫోన్ చేసిందెవరు?"

"నేనేనండి."

ఆవిడ ఒకసారి ఆయన్ని, ఒకసారి అక్షరాలను చూసి రాసుకుంది. పంచనామాలో ఆయన మొదటి సాక్షి. భ్రమరాంబ రెండో సాక్షి. సంతకం పెట్టేటప్పుడు అధికారి ఇంటిపేరు అడిగితే భ్రమరాంబ ముందు పుట్టింటిది చెప్పి, ఆగి, మెట్టినింటిది చెప్పింది. ధర్మారావు ఆ పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

మాంసం పూడ్చాక లక్క కరిగించారు. లోపల ఇంకా యాభై డిగ్రీలు ఉంది. గణపతి పని మంచిది కాబట్టి బయటి రేకు చల్లగా ఉంది. లక్క వెంటనే గట్టిపడింది. గొట్టం టోపీకి కూడా ఒక సీలు వేశారు. నాకు ఒక చీటీ కట్టారు. దాని మీద నాలుగు వరుసలు. పొగపెట్టె ఒకటి. కొక్కేలు పదకొండు. పళ్ళెం ఒకటి. గుడ్డముక్క ఒకటి, గొట్టంలో ఉన్నది ఉన్నట్టుగా.

సోమవారం ట్రాక్టరులో నన్ను ఆఫీసు వెనక ఖాళీ జాగాకు తెచ్చారు. ఇక్కడ నాతో పాటు కల్తీ నూనె డబ్బాలు, రంగు కలిపిన కారం బస్తాలు, పాల క్యాన్లు ఉన్నాయి. వేటికీ కప్పు లేదు. కారం బస్తాలు వానకు తడిస్తే ఎర్రనీళ్ళు నా కాళ్ళ కిందికి వస్తాయి. పళ్ళెంలో కొవ్వు ఎవరూ పారబోయలేదు. అది లోపలే ఉంది. తలుపు సందులేనిది కాబట్టి ఎండలకు దాని వాసన బయటికి పోదు, నాలోనే ఉంటుంది. ఆఫీసు వాళ్ళు మధ్యాహ్నం నా నీడలో కూర్చుని కేరేజీలు విప్పుకుంటారు.

జనవరి ఇరవై రెండున గణపతి వచ్చాడు. చేతిలో టార్పాలిన్ ఉంది. అటెండరుతో మాట్లాడుతుంటే కొన్ని సంగతులు తెలిశాయి. ఆ ఆదివారం సంఘం భోజనం ఆగలేదు. భ్రమరాంబ, సంఘంలో ఆడవాళ్ళు కలిసి గుడ్డు కూర, పప్పుచారు వండారు. రెండు వందల నలభై మందీ తిన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. అప్పటి నుంచి ఫ్యాక్టరీలో గణపతి కనిపిస్తే, ఏం బావగారూ, ఈసారి కూడా గుడ్డేనా అంటున్నారట. ఇది చెప్పి ఆయన నవ్వాడు. అధికారి దగ్గరున్న రిపోర్టులో తినడానికి పనికిరాదు అని వచ్చిందట. ధర్మారావు హోటల్ మూసి ఉంది. అక్కాతమ్ముళ్ళ మధ్య మాటలు లేవు.

గణపతి నా మీద టార్పాలిన్ కప్పి, తాడు కట్టాడు. కట్టేముందు గొట్టం దగ్గర ఆగాడు. ఆ గుడ్డ ఒక్కటి తీసేయనివ్వమని అటెండరును అడిగాడు. తారు, తడి కలిసి గొట్టాన్ని లోపలి నుంచి తినేస్తాయని చెప్పాడు. పెట్టె ఏమైపోయినా ఫరవాలేదు గాని అది అందులో ఉందంటే తనకు నిద్ర పట్టడం లేదన్నాడు.

"అది సాక్ష్యమండీ గణపతిగారూ" అన్నాడు అటెండరు. "కేసు తేలేదాకా ముట్టుకోకూడదు."

గణపతి బొటనవేలితో టోపీ మీది లక్కను ఒకసారి తడిమి చూశాడు. పగుళ్ళు లేవు. వెళ్ళిపోయాడు.

కేసు ఫిబ్రవరిలో ఒకసారి, మార్చిలో రెండుసార్లు వాయిదా పడింది. తరవాతి వాయిదా ఏప్రిల్ పదిహేడు. ఈ ఉదయం పదకొండు గంటలకు అటెండరు వచ్చి సీళ్ళు చూసి, రిజిస్టరులో సంతకం పెట్టాడు. తలుపు సీలు ఉంది. టోపీ సీలు ఉంది. గుడ్డ గొట్టంలోనే ఉంది.